అరవై ఒక్క ఫోన్ల పెద్దులు

వరంగల్ కొత్తవాడలో పుట్టి మగ్గం మీద కూర్చోని మగవాళ్లు ఆ రోజుల్లో చాలా తక్కువ. పెద్దులు వాళ్లలో ఒకడు. తండ్రి జంపఖానాలు నేసేవాడు, ఇద్దరు అన్నలూ అదే పని. పెద్దులుకు మాత్రం నూలు పోగుల కంటే కరెంటు తీగెల మీదే మనసు. డెబ్బై రెండులో, పందొమ్మిదేళ్ల వయసున, మేనమామ వెంట డోర్నకల్ పోయి రైల్వేలో ఖలాసీగా చేరాడు. పర్మినెంటు ఉద్యోగం కాదు. నాలుగు నెలలు పని ఉంటే రెండు నెలలు ఇంటికి పొమ్మనేవాళ్లు. సిగ్నల్ క్యాబిన్‌కూ స్టేషన్‌కూ మధ్య ఫోన్ లైన్లు చూసే ఒక ముసలి మేస్త్రీ కింద వేశారు. సంచి మోయడం, స్తంభం ఎక్కడం, తీగె గుంజడం. ఆ మేస్త్రీ రిసీవర్ చెవికి పెట్టుకుని, గరగర వింటూ, ఇది నీళ్లు దిగిన చప్పుడు, ఇది తుప్పు పట్టిన చప్పుడు అని కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఐదేళ్లలో ఆ విద్య పెద్దులుకూ అబ్బింది. ఉద్యోగం మాత్రం పర్మినెంటు కాలేదు. ఒకసారి ఇంటికి పొమ్మన్న వాళ్లు మళ్లీ పిలవలేదు.

వరంగల్‌కు తిరిగొచ్చి రేడియోలు బాగు చేశాడు. ఇళ్లకు వైరింగ్ వేశాడు. లచ్చవ్వను చేసుకున్నాడు. లచ్చవ్వ అన్న కొమురెల్లి కొత్తవాడ మొత్తంలో పేరున్న నేతగాడు. ఆయన నేసిన జంపఖానా మడత విప్పితే అంచు గీత గీసినట్టు ఉంటుందని సొసైటీలో చెప్పుకునేవాళ్లు. బావ, బావమరిది ఇద్దరికీ మంచి స్నేహం. సాయంత్రం పూట ఒకరి వాకిట్లో ఒకరు కూర్చోవలసిందే.

ఎనభై మూడులో పెద్దులు బతుకు ఒక మలుపు తిరిగింది. హైదరాబాద్‌లో 'నవధ్వని' అని ఒక కంపెనీ లోపలి ఫోన్లు చేస్తోంది. ఊరి ఎక్స్‌ఛేంజితో సంబంధం లేకుండా, ఒకే ఆవరణలో ముందు గదికీ వెనుక గదికీ మాట్లాడుకునే ఇంటర్‌కంలు. బటన్ నొక్కితే అవతల మోగుతుంది. ఆ కంపెనీకి వరంగల్ ఏజెంటు రాజేశ్వర్ రావు. తెల్ల చొక్కా, మెత్తని మాట. స్టేషన్ రోడ్డులో చిన్న ఆఫీసు తెరిచి, తీగెలు వేసే మనిషి కోసం వెతుకుతుంటే అందరూ పెద్దులు పేరే చెప్పారు.

మొదటి సెట్టు హనుమకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో పెట్టాడు. తర్వాత లాడ్జీలు, బట్టల దుకాణాలు, నర్సంపేటలో ఒక పత్తి మిల్లు. పెద్దులుకు ఒక అలవాటు ఉండేది. ఫోన్ బిగించడం అయిపోయాక, మొదటి మాట ఆ చోట ఉన్న అందరికంటే పెద్దవాళ్లతో మాట్లాడించేవాడు. కొత్తవాడ జంపఖానాల సొసైటీలో పెట్టినప్పుడు, నూలు వడికే రాములవ్వను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాడు. వెనుక రంగులద్దే షెడ్డులో కొమురెల్లి ఉన్నాడు. రాములవ్వ రిసీవర్ తలకిందులుగా పట్టుకుని, "కొమురెల్లీ, ఎర్ర రంగు ఎక్కువ ఎయ్యకు బిడ్డా" అంది. అవతల కొమురెల్లి ఆ మాట ఫోన్‌లో వినలేదు, కిటికీలోంచి విన్నాడు. అందరూ చాలాసేపు నవ్వారు. పెద్దులు రిసీవర్ సరిగ్గా తిప్పి పట్టించి, ఆమెతో మళ్లీ అదే మాట అనిపించాడు.

మూడేళ్లు అలా నడిచింది. పెద్దులు వేసిన ఫోన్ చెడిపోదని ఊళ్లో మాట పడింది. చెడినా, చెప్పిన రోజే సైకిల్ మీద వచ్చేవాడు.

ఎనభై ఆరు ఎండాకాలంలో రాజేశ్వర్ రావు సొసైటీ హాలులో మీటింగు పెట్టించాడు. మిక్చరు, చాయ తెప్పించాడు. మగ్గాలు ఆపి ముప్పై మంది దాకా వచ్చి కూర్చున్నారు. కంపెనీ ఇప్పుడు జనం నుంచి షేర్లు తీసుకుంటోందని, దేశమంతా షేర్ల కోసం ఎగబడుతోందని, అప్లికేషన్లు దొరక్క పెద్ద పట్నాల్లో లైన్లు కడుతున్నారని చెప్పాడు.

"షేరంటే ఏంది రావు సాబ్?" అని కొమురెల్లి అడిగాడు.

"కంపెనీల మీకో ముక్క అన్నట్టు. మా ఫోన్ వాడేటోళ్లే మా కంపెనీకి యజమానులు కావాలని మా పెద్ద సార్ల కోరిక. అందుకే వాడేటోళ్లకు ముందు వంతు ఇస్తున్నం. ఈ సొసైటీల ఫోన్ ఉన్నది గదా, మెంబర్లందరు వాడేటోళ్లే. షేరు పది రూపాయలు. ఇప్పుడు సగం కడితే చాలు, షేరు మీ పేరు మీదికి వచ్చినంక మిగతా సగం. బజార్ల అమ్మకానికి వచ్చిన రోజే పది కాస్తా ఇరవై అయితది."

అప్పుడు రాజేశ్వర్ రావు గోడ దగ్గర నిల్చున్న పెద్దులు వైపు తిరిగాడు.

"నా మాట ఎందుకు, మీ మనిషే ఉన్నడు. పెద్దులు, నువ్వు చెప్పు. ఫోన్ మంచిదా, కాదా?"

అందరూ పెద్దులు వైపు చూశారు. పెద్దులు ఒక్క క్షణం ఆలోచించాడు. తను విప్పి చూడని సెట్టు లేదు. లోపల అతుకులు శుభ్రంగా ఉంటాయి, బటన్లు గట్టివి.

"ఫోన్ మంచిదే," అన్నాడు.

అంతే. ఆ రెండు మాటల మీద పదిహేడు మంది ఫారాలు నింపారు. సొసైటీ గుమాస్తా వెంకట్రాజం ఒక్కొక్కరి పేరు ఇంగ్లీషులో రాసి సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నాడు. ఎక్కువ మంది వంద షేర్లు అడిగారు. కొమురెల్లి రెండు వందలు అడిగాడు. కొత్త మగ్గం కోసం దాచుకున్న పైసలు అందులో పెట్టాడు. పద్దెనిమిదోవాడిగా పెద్దులు కూడా వంద తీసుకున్నాడు. కంపెనీ ఎట్లాంటిదని ఆ రోజు ఎవరూ అడగలేదు. అడిగింది ఫోన్ గురించే. పెద్దులు చెప్పిందీ ఫోన్ గురించే. ఆ తేడా తర్వాత ఎన్నోసార్లు అతని మనసులో మెదిలింది.

వానాకాలం మొదట్లో షేర్లు వచ్చినట్టు కాగితాలు వచ్చాయి. అడిగిన వాళ్లకు అడిగినన్ని వచ్చాయి. వెంకట్రాజానికి అక్కడే అనుమానం తగిలింది. "గంత గిరాకీ ఉంటే అందరికీ ఎట్ల దొరికినయి?" అన్నాడు. కానీ ఆ సంతోషంలో అతని మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

షేర్ బజార్లో మొదటిసారి అమ్మకానికి వచ్చిన మరునాడు పొద్దున్నే కొమురెల్లి, పెద్దులు కలిసి స్టేషన్‌కు పోయారు. హైదరాబాద్ పేపరు అందరికంటే ముందు అక్కడికే వస్తుంది. చిన్న అక్షరాల్లో బారులు తీరిన కంపెనీ పేర్లలో నవధ్వని దొరకడానికి చాలాసేపు పట్టింది. దొరికాక పెద్దులు వేలు అక్కడే ఆగిపోయింది. పది రూపాయల షేరు ఆరున్నరకు మొదలై, సాయంత్రానికి నాలుగు ముప్పావుకు దిగింది.

"తప్పు అచ్చు పడ్డదేమో," అన్నాడు కొమురెల్లి.

రెండో రోజు నాలుగు. మూడో రోజు ఆ పేరు ఎదురుగా గీత మాత్రమే ఉంది. కొనేవాళ్లు లేరని వెంకట్రాజం చెప్పాడు. నాలుగో రోజు కంపెనీ నుంచి సొసైటీకి పదిహేడు కవర్లు, పెద్దులు ఇంటికి ఒకటి వచ్చాయి. మిగిలిన సగం నెల రోజుల్లో కట్టాలని, కట్టకపోతే షేర్లు పోతాయని, వడ్డీతో సహా కోర్టు ద్వారా రాబట్టుకుంటామని అందులో ఉంది.

సొసైటీలో ఎవరూ అరవలేదు, తిట్టలేదు. అరిచినా పెద్దులుకు బాగుండేది. అతను హాలులోకి వస్తే మాటలు ఆగిపోయేవి. ఒక ముసలాయన మాత్రం, "నాలుగు రూపాయల సరుకుకు పది ఎట్ల కడతం పెద్దులూ?" అని నెమ్మదిగా అడిగాడు. అందులో కోపం లేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు.

కొమురెల్లి సాయంత్రాలు రావడం మానేశాడు. వారం చూసి పెద్దులే పోతే, కొమురెల్లి మగ్గం దిగకుండా, "పని ఉన్నది బావా" అన్నాడు. మగ్గంలో అటూ ఇటూ పోయే నాడెకు నూలు చుట్టే ఉంది, కాళ్లు మాత్రం కదలడం లేదు. పెద్దులు తిరిగొచ్చేశాడు.

ఇంట్లో లచ్చవ్వ అన్నం పెడుతూ అంది, "మా అన్న కంపెనీ మాట ఇనలే. రావు సాబ్ మాటా ఇనలే. నీ మాట ఇన్నడు."

"నేను ఫోన్ మంచిదన్న. షేరు మంచిదనలే."

"ఆళ్లకు గా రెండు ఏరే అని ఎట్ల తెలుస్తది? నీకన్న తెల్వద్దా?"

పెద్దులు అన్నం ముందు కూర్చుని చాలాసేపు చెయ్యి కడగలేదు. ఆమె అన్నదాంట్లో తప్పేమీ కనబడలేదు.

మరునాడు స్టేషన్ రోడ్డుకు పోయాడు. రాజేశ్వర్ రావు ఫైళ్లు సర్దుకుంటున్నాడు.

"రావు సాబ్, కొత్తవాడోళ్లు మిగతాది కట్టలేరు. ఇడిచిపెట్టుమని కంపెనీకి ఒక మాట రాయుండ్రి."

"నా చేతుల ఏమున్నది పెద్దులు? సంతకం పెట్టిండ్రు, కట్టాలె. కంపెనీ నడుస్తనే నీ పని నడుస్తది. నీది నువ్వు చూస్కో. జర ఓపిక పట్టుమను, మళ్ల లేస్తది."

మెత్తగానే అన్నాడు. కానీ కళ్లలోకి చూడలేదు.

పెద్దులు అక్కడి నుంచి నేరుగా వెంకట్రాజం దగ్గరికి పోయాడు. ఫారాలతో పాటు కంపెనీ ఒక ఇంగ్లీషు పుస్తకం ఇచ్చింది. సన్నటి అక్షరాలు, ముప్పై పేజీలు. పదిహేడు మందిలో ఒక్కరూ చదవలేదు. "గిది నాకు చదివి చెప్పు," అన్నాడు పెద్దులు. "మొత్తం."

వెంకట్రాజం ఇంటర్ దాకా చదివినవాడు. మధ్యాహ్నం పూట సొసైటీ నూలు బేళ్ల మీద కూర్చుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఒక్కో వాక్యం తెలుగు చేసి చెప్పాడు. మొదటి రోజు ఫ్యాక్టరీ గురించి. రెండో రోజు డైరెక్టర్ల గురించి. మూడో రోజు పంతొమ్మిదో పేజీలో ఒక పట్టిక వచ్చింది. ఏ జిల్లాలో కంపెనీ ఫోన్లు ఎన్ని చోట్ల నడుస్తున్నాయో అందులో రాశారు.

"వరంగల్ జిల్లా, ఆరు వందల నలభై చోట్ల," చదివాడు వెంకట్రాజం.

"ఎంత?"

"ఆరు వందల నలభై."

పెద్దులు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. హనుమకొండ దవాఖానతో మొదలుపెట్టి, ఒక్కో గోడ, ఒక్కో మెట్టు, తను రంధ్రం వేసిన ఒక్కో కిటికీ చెక్క మనసులో చూసుకుంటూ పోయాడు. స్టేషన్ రోడ్డు లాడ్జీలు, చౌరస్తా బట్టల దుకాణాలు, మండిబజార్ ఇత్తడి సామాన్ల దుకాణం, కాజీపేటలో కట్టె కోత మిల్లు, నర్సంపేట పత్తి మిల్లు. వేళ్లు మడుస్తూ పోయాడు. కళ్లు తెరిచాక, "అరవై ఒకటి," అన్నాడు.

"ఇంకెవరన్న ఏసిండ్రేమో?"

"జిల్లా మొత్తానికి తీగె ఏసేటోన్ని నేనొక్కన్నే. నాకు తెల్వకుంట ఇంకో ఫోన్ ఎక్కడున్నది?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పుస్తకంలో అచ్చేసిన మాట అబద్ధమైతే, దాన్ని నమ్మి కట్టిన వాళ్లను కంపెనీ ఇంకా కట్టమనడం ఎట్లా కుదురుతుందని వెంకట్రాజం మెల్లగా అన్నాడు. కానీ పెద్దులు ఒక్కడి నోటి మాట ఎవరు వింటారు? కాగితం కావాలి.

పెద్దులు సైకిల్ తీశాడు. ఆ పదకొండు రోజులు వేరే పని ముట్టలేదు. అరవై ఒక్క చోట్లకూ పోయాడు. ప్రతి చోట వెంకట్రాజం రాసిచ్చిన రెండు లైన్ల కాగితం మీద, 'మా దగ్గర నవధ్వని ఫోన్ ఒక చోట ఉన్నది, ఫలానా రోజు పెట్టించుకున్నాం' అని సంతకం, ముద్ర తీసుకున్నాడు. కొందరు ఎందుకని అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. చాలామంది కుర్చీ వేసి కూర్చోబెట్టి సంతకం పెట్టారు. చౌరస్తా బట్టల సేటు మాత్రం, "కంపెనీ మీద కాయిదం పుట్టిస్తున్నవు. రేపు నీకు పని ఎవడిస్తడు?" అన్నాడు. అంటూనే సంతకం పెట్టాడు. నర్సంపేటకు బస్సులో పోతే, వాన పడి దారిలో ఒర్రె పొంగింది. మూడు గంటలు ఆగి, మోకాళ్ల నీళ్లలో దాటి మిల్లు చేరాడు. కాగితాల సంచి తల మీద పెట్టుకున్నాడు.

పన్నెండో రోజు సొసైటీలో నడిమధ్య నిలబడి కొమురెల్లి ముందు ఆ కట్ట, దాని మీద వెంకట్రాజం రాసిన అర్జీ పెట్టాడు. "బావా, ఇది పంపుతె నాకు రావు సాబ్ పని పోతది. పోనీయి. నువ్వొక్క సంతకం పెట్టు, పదిహేడు మంది తరఫున."

కొమురెల్లి కట్ట అంచులు సరిచేశాడు, జంపఖానా మడత సరిచేసినట్టు. సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం బావ వాకిట్లోకి వచ్చి కూర్చున్నాడు.

నకలు తీయించి ఒక కట్ట కంపెనీకి, అసలు కట్ట షేర్ బజార్ ఆఫీసుకు రిజిస్టరు పోస్టులో పంపారు. నెల గడువు అయిపోయింది. పదిహేడు మందిలో ఎవరూ పైసలు కట్టలేదు. కోర్టు కాగితం వస్తుందేమోనని పోస్టుమ్యాన్ వీధిలోకి తిరిగితే మగ్గాల చప్పుడు ఆగేది. రాజేశ్వర్ రావు ఒకరోజు కబురు చేసి, పెద్దులు దగ్గరున్న కంపెనీ పనిముట్ల సంచి వాపసు తీసుకున్నాడు. తిట్టలేదు. "మంచి మనిషివి, పాడు చేస్కున్నవు," అన్నాడు. పెద్దులు సంచిలో ప్రతి పనిముట్టూ తీసి చూపించి, లెక్క అప్పజెప్పి వచ్చాడు.

దీపావళికి ముందు హైదరాబాద్ నుంచి పిలుపు వచ్చింది. విచారణ. పెద్దులు, వెంకట్రాజం రైలెక్కారు. పెద్ద గదిలో పొడవాటి బల్ల. షేర్ బజార్ తరఫున కళ్లద్దాల పెద్దమనిషి ఒకాయన, కంపెనీ తరఫున ఇద్దరు సూట్లవాళ్లు. బల్లకు ఇవతల వేరే జిల్లాల నుంచి వచ్చిన నలుగురైదుగురు కూడా ఉన్నారు. వాళ్ల చేతుల్లోనూ కాగితాలున్నాయి.

సూట్లవాళ్లలో ఒకాయన కట్ట తిరగేసి, "ఈ సంతకాలు ఎవరైనా పుట్టించొచ్చు. నువ్వు ఎవరు అసలు?" అన్నాడు.

"తీగెలు గుంజిన మనిషిని సార్."

"ఏ ఇంట్లో ఎన్ని ఉన్నాయో నీకెలా తెలుసు?"

"నేనే పెట్టిన గనక."

అద్దాల పెద్దమనిషి కట్ట తన ముందుకు లాక్కుని, "అయితే కాగితం చూడకుండా చెప్పు," అన్నాడు.

పెద్దులుకు అంత మంది ముందు మాట్లాడిన అలవాటు లేదు. కళ్లు మూసుకుని హనుమకొండ దవాఖాన గుమ్మం ముందు నిల్చున్నట్టు అనుకున్నాడు. అక్కడి నుంచి నడక మొదలుపెట్టాడు. ఎక్కడ, ఏ ఏడు, ఏ గది నుంచి ఏ గదికి, తీగె ఏ కిటికీ పక్క నుంచి పోయింది, ఒక్కటొక్కటే చెబుతూ పోయాడు. పెద్దమనిషి కాగితాల మీద పెన్సిలుతో టిక్కులు పెడుతూ వచ్చాడు. ఇరవై దాటాక సూట్లవాళ్లు ఒకరితో ఒకరు గుసగుసలు ఆపేశారు. నలభై దగ్గర ఒక గది తప్పు చెప్పి, తనే ఆగి సరిదిద్దుకున్నాడు. అరవై ఒకటో పేరు చెప్పి కళ్లు తెరిచాడు.

"ఇగ లేవు సార్. ఉంటె చెప్పేటోన్ని."

పెద్దమనిషి అద్దాలు తీసి తుడుచుకున్నాడు. మిగతా జిల్లాల వాళ్లను కూడా విన్నాడు. వాళ్లవీ అలాంటి లెక్కలే. ఆ రోజు ఏదీ తేల్చలేదు. రైల్లో తిరిగొస్తుంటే వెంకట్రాజం, "మనం చెప్పవలసింది చెప్పినం," అన్నాడు. పెద్దులు అప్పటికే కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడు.

సంక్రాంతి అయిపోయి, మాఘం చలి తగ్గుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం పోస్టుమ్యాన్ కొత్తవాడకు వచ్చాడు. చేతిలో పదిహేడు రిజిస్టరు కవర్లు. అందరూ సొసైటీ మెట్ల మీద గుమిగూడారు. విప్పడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. వెంకట్రాజం కొమురెల్లి కవరు చింపాడు. లోపల ఒక ఉత్తరం, దానికి గుచ్చిన ఒక చెక్కు. ఉత్తరం రెండుసార్లు చదివాడు. తర్వాత నిదానంగా తెలుగులో చెప్పాడు.

"షేర్ బజార్ ఆఫీసోళ్ల మాట మీద, ఇష్టం లేనోళ్ల షేర్లు కంపెనీ రద్దు చేసింది. కట్టిన పైసలు వాపస్. మిగతా సగం కట్టవలసిన పని లేదు. ఇగ ఎవ్వల మీద ఎవ్వలకు బాకీ లేదు."

అప్పుడు రాములవ్వ, "కోర్టు లేదా?" అని అడిగింది.

"లేదవ్వా."

ఆమె మెట్టు మీద కూర్చుండిపోయి చీర చెంగుతో ముఖం తుడుచుకుంది. ఆ పక్కన ఎవరో నవ్వడం మొదలుపెట్టారు. అది మెల్లగా అందరికీ పాకింది. ఇన్ని నెలలుగా బిగపట్టిన ఊపిరి ఒక్కసారి వదిలినట్టయింది. పెద్దులును పద్దెనిమిదో కవరు ఏదని అడిగితే, తను ముందే మిగతాది కట్టేశానని చెప్పాడు. అందరూ కట్టలేకపోతే, తన మాట మీద వచ్చిన వాళ్లకు కోర్టులో ఏదైనా పనికొస్తుందేమోనని కట్టాడట. అది ఎట్లా పనికొస్తుందని వెంకట్రాజం అడిగితే, తనకూ తెలియదన్నాడు. లచ్చవ్వ అతని వైపు చూసిన చూపు చూసి కొమురెల్లి నవ్వు ఆపుకోలేకపోయాడు. వెంకట్రాజం అప్పటికప్పుడు పెద్దులు పేరు మీద ఒక అర్జీ రాశాడు. రెండు నెలలకు ఆ పైసలు కూడా వచ్చాయి.

నవధ్వని కంపెనీ షేర్లు అమ్మిన ఏడాది తిరక్కుండా మూతపడింది. రాజేశ్వర్ రావు స్టేషన్ రోడ్డు ఆఫీసు ఖాళీ చేసి హైదరాబాద్ పోయాడు. కానీ జిల్లాలో అరవై ఒక్క చోట్ల ఉన్న ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. అవి చెడిపోతే చూసే కంపెనీ లేదు. పెద్దులే ఉన్నాడు. చౌరస్తా సేటు అందరికంటే ముందు పిలిచాడు, లైన్‌లో గరగర వస్తోందని. పెద్దులు రిసీవర్ చెవికి పెట్టుకుని ఒక్క నిమిషం విని, గోడ వెనుక తీగె మీద చెమ్మ దిగిందని చెప్పి, నిచ్చెన అడిగాడు.

ఎనభై ఏడు వేసవిలో చౌరస్తా వెనుక సందులో చిన్న దుకాణం పెట్టాడు. రేడియోలు, టేపురికార్డర్లు, ఫోన్లు. దుకాణం తెరిచిన రోజు కొమురెల్లి వచ్చి కొత్త మగ్గం మీద నేసిన మొదటి జంపఖానా నేల మీద పరిచాడు. నీలం మీద ఎరుపు చారలు. ఇద్దరూ దాని మీద కూర్చుని చాయ తాగారు. కాసేపటికి ఒకాయన పాత రేడియో చంకలో పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. పెద్దులు గ్లాసు పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని లేచాడు.